రాగిణి – మూడు ఫాల్స్

చిక్కడపల్లిలో చీర ఎక్కడ కొన్నా సరే, దానికి ఫాల్ కుట్టించాలంటే కూరగాయల మార్కెట్టు వెనక సందులోకి రావాల్సిందే. అక్కడ పిండి గిర్నీ పక్కన, మేడ మెట్ల కింద ఆశమ్మ కొట్టుంది. అందులో ఒక మిషను, ఒక స్టూలు, ఒక ఆశమ్మ పడతారు. ఇంకెవరు వచ్చినా సందులో నిలబడాలి. కుచ్చిళ్ళు నిలవాలని చీర అంచుకు లోపలివైపు కుట్టే గుడ్డ పట్టీని ఫాల్ అంటారని ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మగవాళ్ళ కోసం చెబుతున్నాను. నాకైతే పెళ్ళయిన ముప్పై ఏళ్ళకు గానీ ఆ సంగతి తెలియలేదు.

నా పేరు ఉమాకాంత్. ఉండేది అశోక్‌నగర్. ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఇరవై రెండేళ్ళుగా స్కేటింగ్ పోటీల్లో మార్కుల టేబుల్ దగ్గర కూర్చుంటున్నాను. జీతం లేదు. టీ ఇస్తారు, అదీ చల్లారాక ఇస్తారు. టీవీలో మంచు మీద ఆడవాళ్ళు పాటకు తగ్గట్టు గిరగిరా తిరిగి, ఎగిరి, ఒంటికాలి మీద దిగుతారే, ఆ ఆటే ఇది. మనకు మంచు ఫ్రిజ్జులో తప్ప లేదు కాబట్టి మా పిల్లలు అదంతా చక్రాల బూట్లు కట్టుకొని సిమెంటు మీద చేస్తారు. మంచు మీద పడితే చలి, సిమెంటు మీద పడితే తోలు ఊడుతుంది. అంతకుమించి తేడా లేదు.

ఈ ఆటలో ఎవరైనా పడితే దాన్నీ ఫాల్ అనే అంటాం. ఒక్క ఫాల్‌కు ఒక్క మార్కు కోత. అసలు గొడవంతా ఆ ఒక్క మాటతోనే వచ్చింది.

ఆశమ్మది మహబూబ్‌నగర్ దిక్కు పల్లె. ఇరవై ఏళ్ళ కిందట భర్త ఎల్లేష్‌తో పాటు బతకడానికి వచ్చింది. అతనిది సెంట్రింగ్ పని, ఈమె తట్ట మోసేది. నడుము పట్టేశాక తట్ట దించి, ఎవరిదో పాత మిషను మీద కుట్టు నేర్చుకుంది. కూతురు భాగ్యశ్రీకి ఎనిమిదేళ్ళున్నప్పుడు మా సిమెంటు రింకులో ఆట నేర్పే కోచ్ ఒకాయన చిరిగిన స్కేటింగ్ గౌను పట్టుకొని ఉరుక్కుంటూ వచ్చాడు, గంటలో పోటీ ఉందని. ఆశమ్మ పది నిమిషాల్లో కుట్టిచ్చి, పైసలు వద్దంది.

"నా బిడ్డను గా చక్రాల మీద ఒక్కపారి నిలవెట్టుండ్రి సారూ, గంతే సాలు."

ఆయన నిలబెట్టాడు. ఆ పిల్ల ఇప్పటికీ దిగలేదు. మొదటి జత బూట్లు రెండు సైజులు పెద్దవి దొరికితే, ఆశమ్మ వేళ్ళ దగ్గర ఖాళీలో ఫాల్ ముక్కలు కుక్కి కట్టింది.

మొదటి పోటీలో భాగ్యశ్రీ నాలుగుసార్లు పడింది. నేను మైకులో చదివాను, "భాగ్యశ్రీ, నాలుగు ఫాల్స్" అని. జనంలోంచి ఆశమ్మ లేచి నిలబడింది.

"నాలుగెక్కడియి సారూ? నాకు రెండే ఇచ్చిండ్రు. గవి గూడ రేపటికిస్తనని చెప్పిన."

రింకంతా నవ్వింది. నేను నవ్వలేదు, మైకు పట్టుకున్నవాడు నవ్వకూడదు. పక్కనున్నవాళ్ళు ఆమెకు విషయం చెప్పారు. సిగ్గుపడి కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. "పడ్డదాన్ని మల్ల మైకుల జెప్పుడెందుకు? పడ్డ పిల్లకు తెల్వదా?" అని నన్నే అడిగింది. ఆ తర్వాత నేను మైకులో ఫాల్స్ చదవడం మానేసి, మొత్తం మార్కులే చదువుతున్నాను. ఆనాటి నుంచి ఆమె పేరు ఫాల్ ఆశమ్మ అయింది.

భాగ్యశ్రీ పెరిగి డిగ్రీకి వచ్చింది. మహిళల విభాగంలో ఆమెకు ఎదురు ఒక్కతే, రాగిణి అని, నారాయణగూడలో పైపుల దుకాణమున్న ప్రహ్లాద్ గారి అమ్మాయి. వరసగా మూడేళ్ళు రాగిణి మొదటిది, భాగ్యశ్రీ రెండోది. ఇద్దరూ ఒకే కాలేజీ. మూడేళ్ళలో ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. మొదట వచ్చినవాళ్ళు రాష్ట్రం జట్టులో జాతీయ పోటీలకు వెళ్తారు. వీపు మీద రాష్ట్రం పేరున్న నీలం జాకెట్ ఇస్తారు. రెండోవాళ్ళకు చప్పట్లు ఇస్తారు. ఆశమ్మ ప్రాణమంతా ఆ జాకెట్ మీదే ఉండేది.

"గా జాకిట్ భుజం కాడ ముడత వడ్తది సారూ. నా బిడ్డకొస్తే ఇప్పి మల్ల కుడ్త," అనేది.

పోయిన ఏడాది ఆ జాకెట్ సున్నా పాయింటు రెండు మార్కులతో తప్పిపోయింది.

"పాయింటు రెండంటే ఎంత సారూ?" అంది ఆశమ్మ.

"ఒక్క మార్కులో ఐదో వంతు."

"గదెంత?"

నాకు చిరాకేసింది. "సూది మొనంత," అన్నాను.

"నేను పొద్దుగాల లేస్తే సూదితోనే బతుకుత. గంత దానికి నా బిడ్డ ఇంట్ల ఉండాల్నా?" అని ఆమె వెళ్ళిపోయింది. నా మీద మూడు నెలలు అలిగింది. మా ఇంటి చీరలు మాత్రం కుట్టిచ్చింది, మాట్లాడకుండా.

ఇంకో విచిత్రం వినండి. ఆ ఇద్దరు పిల్లల గౌన్లూ కుట్టేది ఆశమ్మే. అంత బాగా కుట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి ప్రహ్లాద్ గారు ఆమె దగ్గరికి రాక తప్పదు, వచ్చి నమ్మడమూ కుదరదు. ప్రతి ఏడూ గౌను తీసుకునే రోజు సందులోనే కూతురి చేత పదిసార్లు ఎగిరిస్తాడు. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు డబ్బాలు దించి చూస్తారు. తర్వాత తానే నడుము దగ్గర పట్టి గుంజి చూస్తాడు.

"గట్టిగనే ఉన్నదా ఆశమ్మా? నడుమ ఊడదు గద?"

"గట్ల గుంజితే మీ దుకాణం పైపు గూడ ఊడుతది సారూ. ఇడ్వుండ్రి."

నిజం చెప్పాలంటే, రాగిణి గౌనుకు ఆమె ఒక వరస కుట్టు ఎక్కువే వేసేది. ఊడితే మాట తనమీదికే వస్తుందని ఆమె భయం.

ఇక నా ఘనకార్యం. రింకులో ఎవరు ఎన్నిసార్లు పడ్డారో చూసేది రెఫరీ కుమారస్వామి గారు, నల్లకుంటలో ఉండే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. ఆయన చిన్న చీటీ మీద పేరు, ఫాల్స్ సంఖ్య రాసి పంపుతాడు. నేను జడ్జీలు వేసిన మార్కుల్లోంచి అది తీసేసి మొత్తం వేస్తాను. ఆ చీటీలు కోసేది నేనే. పాత నోటీసుల వెనక ఖాళీ కాగితం పారేయడానికి నాకు మనసొప్పదు. మా ఆవిడ "ఆశమ్మ కూడా చీటీలు దొరక్క తండ్లాడుతున్నది" అంటే ఒక కట్ట ఆమెకు ఇచ్చాను. ఆమె వాటి మీదే గిరాకీల పేరు, ఫాల్స్ ఎన్నో రాసిచ్చేది. కుమారస్వామి గారిది, ఆశమ్మది, ఇద్దరి దస్తూరీ కోడి కెలికినట్టే ఉంటుంది.

పోటీకి ముందురోజు శనివారం మా ఆవిడ చీరలు మూడు ఆశమ్మకు ఇచ్చి, చీటీ తీసుకొని జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ పేరు కూడా రాగిణే. ఇందులో నా తప్పేం లేదు, మా పెళ్ళినాటికి ఆ పిల్ల పుట్టనే లేదు. ఆదివారం కూడా అదే చొక్కా వేసుకున్నాను. ఉతుకుతానంటే మా ఆవిడ మీద కసిరాను కూడా. పోటీ రోజున నాకు అచ్చొచ్చిన చొక్కా అది.

రాగిణి వంతు అయ్యాక ఆమె చీటీ, నా టీ ఒక్కసారే వచ్చాయి. గ్లాసు అందుకోవడానికి చీటీని జేబులో పెట్టాను. టీ తాగాను. జేబులో చెయ్యి పెట్టి చీటీ తీశాను. 'రాగిణి – 3 ఫాల్స్'. జడ్జీలు వేసినవి నలభై ఒకటి పాయింటు ఆరు. మూడు తీశాను. భాగ్యశ్రీ ఒకసారి పడి కూడా నలభై పాయింటు ఒకటి తెచ్చుకుంది. మొదటి స్థానం భాగ్యశ్రీ.

కళ్ళముందు పిల్ల పడిందో లేదో చూడలేదా అంటారు. చూడలేదు. ఇరవై రెండేళ్ళలో నేను ఒక్క పిల్ల ఆటా చూడలేదు. చూస్తే లెక్క తప్పుతుందని తల ఎత్తను. మిగతావాళ్ళు చూశారు. కానీ ఈ ఆటలో మార్కులు ఎందుకు వస్తాయో, ఎందుకు పోతాయో జడ్జీలకే సరిగా తెలియదు, జనానికి ఏం తెలుస్తుంది? కుమారస్వామి గారు జడ్జీలు తక్కువ వేశారనుకున్నాడు. జడ్జీలు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

ప్రహ్లాద్ గారు ఊరుకోలేదు. రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. స్పీకరు గరగరలాడిందట, ఎండ జడ్జీల కళ్ళలో పడిందట, ఆశమ్మ కావాలనే గౌను బరువుగా కుట్టిందట. ఫాల్స్ మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. పడని పిల్లకు ఫాల్స్ పడ్డాయని ఆయనకు మాత్రం ఎలా తోస్తుంది? ఆశమ్మ ముఖం మీదే అన్నాడు, "నీ బిడ్డ కోసం నా బిడ్డను ముంచినవ్" అని. ఆశమ్మ కూతురి మెడలో పతకం సర్దుతూ ఉండిపోయింది. సరిగ్గానే ఉన్న రిబ్బనును ఆమె మళ్ళీ మళ్ళీ సర్దడం నేను చూశాను. ఆ రోజు నేను తల ఎత్తి చూసింది అదొక్కటే.

సాయంత్రం ఐదింటికి మా ఆవిడ చీరలు తెమ్మని తరిమింది. సందంతా పండగలా ఉంది. గిర్నీవాళ్ళు, కూరగాయలవాళ్ళు, ఎల్లేష్ తోటి మేస్త్రీలు, అందరి చేతుల్లో బూందీ లడ్డూలు. భాగ్యశ్రీ నారింజ రంగు రిబ్బను పతకం వేసుకొని మెట్ల మీద కూర్చుంది. ఆశమ్మ నా చేతిలోనూ లడ్డూ పెట్టింది. పోయిన ఏడాది అలిగిన సంగతే మరిచిపోయినట్టు నవ్వింది. నేను జేబులోంచి చీటీ తీసి ఇచ్చాను.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది.

"ఇదేంది సారూ? 'రాగిణి, ఫాల్స్ సున్నా' అని ఉన్నది. సున్నాకు నేనేం ఇయ్యాలె?"

"నువ్వు రాసిచ్చిందే కదా."

"నేను మూడు రాసిన. మూడు చీరలు గీడ మడతవెట్టి ఉన్నయ్. ఇది నా రాత గాదు. నేను సున్నా గింత గుండ్రంగ రాయ." ఆమె చీటీ తిప్పి చూసింది. "మరి నా చీటి యాడున్నది?"

లడ్డూ ఒక చేత్తో పట్టుకొని జేబంతా వెతికాను, ఖాళీ. నా మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది. చిటికెలో అర్థమైపోయింది. ఇన్నేళ్ళుగా రెండు రకాల ఫాల్స్‌తోనూ బతికిన మనిషి మరి.

"అంటే గా పిల్ల పడలే," అంది మెల్లగా.

అప్పుడు నేనన్న మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. "ఆశమ్మా, చీటీ ఇలా ఇవ్వు, చింపేస్తాను. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆరు గంటలదాకే తప్పులు దిద్దే పుస్తకం తెరిచి ఉంటుంది. కుమారస్వామి గారు రింకులోనే ఉంటారు. ఆరు దాటితే జాతీయ పోటీలకు పేర్లు పంపేస్తారు. తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారవు."

ఆమె బిడ్డ కోసం అన్నానా, నా టేబుల్ పోతుందనే భయంతో అన్నానా? రెండోదే.

ఆశమ్మ గోడ గడియారం చూసింది. ఐదూ పది. చీటీ నాకు ఇవ్వలేదు, రవికలో దోపుకుంది. "మీరు గాడ సందుల నిలవడుండ్రి" అని మిషను దగ్గరికి పోయి, ఎవరిదో చీర తీసి ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. సందులో జనం ఆమెను పలకరిస్తున్నారు, ఆమె తల ఊపుతోంది. గడియారం చూస్తోంది, కుడుతోంది. ఐదూ ఇరవై అయింది. నేను దేవుడికి మొక్కుకున్నాను, ఏమని మొక్కుకున్నానో అడక్కండి.

ఉన్నట్టుండి మిషను ఆగింది. ఆమె చీరను పైకెత్తి చూసింది. ఫాల్‌ను చీర పైవైపు కుట్టేసింది, అదీ జరీ మీద. కుట్టు నేర్చిన ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదట.

"తప్పు కుట్టు వడ్డది," అంది. బ్లేడు తీసుకొని టకటకా కుట్లు తెంపేసింది. తర్వాత కూతుర్ని పిలిచింది. "భాగ్యా, ఇటు రా బిడ్డా. గా పిల్ల పడలేదంట."

చీటీ చూపించి అంతా చెప్పింది. భాగ్యశ్రీ నా వైపు కూడా చూడలేదు.

"నాకు తెల్సు," అంది. "ఆమె దిగినప్పుడు లోపలినుంచి సప్పట్లు ఇన్న. మూడుసార్లు పడితే గట్ల కొట్టరు. అయిన గెలిసిననంటే గెలిసిననుకున్న. నాకెందుకు చెప్పినవ్ అమ్మా? నీలోనే ఉంచుకోరాదు?"

"ఉంచుకుందమనే గూసున్న. అయితలేదు."

"మూడేండ్లు, అమ్మా."

"నాకు తెల్వదా? మూడేండ్లసంది గా జాకిట్ కలలకొస్తున్నది నాకు."

భాగ్యశ్రీ పతకం పట్టి తలమీంచి ఒక్క గుంజు గుంజింది. రిబ్బను జడ క్లిప్పుకు చిక్కుకొని అంచు చిరిగింది. పతకాన్ని మిషను మీద పడేసి గోడ వైపు తిరిగి నిలబడింది. వెక్కిళ్ళు ఆపుకోవడానికి ఆ పిల్ల పాట్లు పడుతుంటే నేను గడియారం వైపు తిరిగాను. తప్పు నాది, ఏడుపు వాళ్ళది.

ఐదున్నర దాటింది. "పోదాం పద ఆశమ్మా, నేనే చెబుతాను, నేనే సంతకం పెడతాను," అన్నాను.

"ఆగుండ్రి సారూ. అంచు దారాలు లేసినయ్. ఇట్ల చిరిగింది ఇచ్చుడు మంచిగుండదు. పీకో కొట్టిస్త." ఆమె రిబ్బను మిషను కింద పెట్టింది. సూదిలో దారం ఎక్కించబోయింది. కళ్ళ నిండా నీళ్ళు, బెజ్జం కనబడలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తప్పింది.

గోడ దగ్గరి నుంచి భాగ్యశ్రీ వచ్చింది. "గది ఎర్రది అమ్మా. రంగు కలుస్తలేదు," అని పై డబ్బాలోంచి నారింజ రంగు దారం తీసి, తానే ఎక్కించి ఇచ్చింది. ఆశమ్మ రిబ్బను రెండు అంచులకూ దారాలు లేవకుండా సన్నగా చుట్టి పీకో కొట్టింది. అంత సన్నటి పీకో మా ఆవిడ పట్టుచీరలకు కూడా ఎప్పుడూ వేయలేదు.

ఆరుకు ఎనిమిది నిమిషాలుండగా రింకు చేరాం. కుమారస్వామి గారు పుస్తకం మూయబోతున్నాడు. ఎదురుగా ప్రహ్లాద్ గారు మూడో పేజీ రాస్తున్నాడు, రాగిణి పక్కన మెట్ల మీద తల దించుకొని కూర్చుంది. నేను చీటీ పెట్టి జరిగిందంతా చెప్పాను. మార్కుల కాగితాల్లోంచి ఆశమ్మ చీటీ కూడా బయటపడింది. కుమారస్వామి గారు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఉమాకాంత్, నీ ఇంటామె చీరలకు ఈ పిల్ల మార్కులు కోసినవా?"

"లెక్క అయితే కరెక్టే సార్. మూడు చీరలే," అన్నాను.

ఏడాదిపాటు నన్ను ఆ టేబుల్ దరిదాపులకు రావద్దన్నాడు. పుస్తకంలో దిద్దుబాటు రాసి, నా చేత రెండుచోట్ల సంతకం చేయించాడు. మొదటి స్థానం రాగిణి, రెండో స్థానం భాగ్యశ్రీ.

ప్రహ్లాద్ గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. లేచి ఆశమ్మ ముందుకొచ్చాడు. "ఆశమ్మా, పొద్దున నేను నోరు జారిన. మాఫ్ చెయ్యి."

"గట్ల నోటితోని కాదు సారూ. రెండు పేజీలు నా మీద రాసిండ్రు గద, మాఫీ గూడ రాయుండ్రి. కాయితం వెనుకదిక్కు ఖాళీగనే ఉన్నది."

ఆయన నిజంగానే కూర్చొని రాశాడు. ఆయనకు రాయడం అలవాటైపోయింది.

పతకం భాగ్యశ్రీ చేతిలో ఉంది. అది తీసుకొని పోయి రాగిణి ముందు నిలబడింది. రాగిణి లేచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. భాగ్యశ్రీ పతకం ఆమె మెడలో వేసి, రిబ్బను మెలిక పడితే సరిచేసింది. ఏదైనా మంచి మాట అంటుందేమోనని అందరం చూస్తున్నాం. రాగిణి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"వచ్చేయేడు జర పడవే," అంది భాగ్యశ్రీ. "నీకు పుణ్యముంటది."